నీకొదేము అడిగింది, జక్కయ్య చేసింది

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన బైబిలు తరగతిలోని ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ వందనాలు. వెనకున్నవాళ్ళు కాస్త ముందుకి రండి, ఫ్యాన్లు ఇక్కడే ఉన్నాయి. రండమ్మా, పిల్లాడు ఏడిస్తే ఏడవనివ్వండి, ఇవాళ పాఠం పుట్టుక గురించే. ఏడుపు లేకుండా పుట్టుకేటి?

యోహాను సువార్త మూడో అధ్యాయం తీయండి. తీశారా? అక్కడ వేలు పెట్టుకుని లూకా పంతొమ్మిది కూడా తీయండి. రెండూ కావాలి. నీకొదేము ఒక చేతిలో, జక్కయ్య ఒక చేతిలో. ఎందుకో చెప్తాను.

మన ఊరి సంగతితో మొదలుపెడదాం. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున ఇద్దరు ఈ విశాఖపట్నంలో దిగారు. జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్. ఇక్కడే ఉండి తెలుగు నేర్చుకున్నారు, ఆనందరాయరు అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగు చెయ్యడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో పోయాడు. డెస్ గ్రాంజెస్ 1810లో పోయాడు. ఆ పని 1812లో సేరంపూరులో అచ్చయింది. ఇద్దరిలో ఒక్కరు కూడా ఆ పుస్తకాన్ని చేత్తో పట్టుకోలేదు. సరే, ఆ పుస్తకంలో ఏమున్నాయి? మత్తయి, మార్కు, లూకా. అంతే. యోహాను లేదు. అంటే ఏటన్నమాట? ఆ అచ్చుపుస్తకం చదివిన తెలుగువాడికి లూకాలో జక్కయ్య దొరికాడు. నీకొదేము దొరకలేదు. కొత్తగా జన్మించాలి అని ప్రభువు నీకొదేముతో అన్న మాట అచ్చులో ఇంకా రాలేదు, కొత్తగా జన్మించినవాడు ఏం చేస్తాడో మాత్రం వచ్చేసింది.

ఇప్పుడు మన పరిస్థితి తిరగబడింది. యోహాను 3:3 సండే స్కూలు పిల్లలు కూడా కళ్ళు మూసుకుని చెప్తారు. జక్కయ్య మీద పాట పాడి, యేసుని చూడ్డానికి ఆయన చెట్టెక్కిన యాక్షన్ చేసి, అక్కడితో దింపేస్తారు. దిగాక ఆయన చేసిన లెక్క ఎవరికీ పట్టదు. ఇవాళ ఆ లెక్క చూద్దాం. ముందు నీకొదేము.

నీకొదేము ఎవరు? పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని పట్టుగా పాటించే గుంపువాడు. యూదుల అధికారి. పదో వచనంలో ప్రభువే ఆయన్ని ఇశ్రాయేలుకు బోధకుడు అంటాడు. తాగుబోతు కాదు, దొంగ కాదు. మన సంఘంలో ఉంటే ఏం చేస్తాం ఆయన్ని? పెద్దని చేస్తాం, ట్రెజరర్ పని అప్పజెప్తాం. అలాంటి మనిషితో ప్రభువు ఏమన్నాడు? "ఒకడు క్రొత్తగా జన్మించితేనే కాని అతడు దేవుని రాజ్యమును చూడలేడు." ఇంకొంచెం మెరుగుపడు అనలేదు. ఉపవాసాలు పెంచు అనలేదు. ఏడో వచనం చూడండి, మన తెలుగు బైబిలులో భలే కనబడుతుంది ఇది. "మీరు క్రొత్తగా జన్మింపవలెనని నేను నీతో చెప్పినందుకు." మీరు అని ఒకటి, నీతో అని ఒకటి. ఎదురుగా ఉన్నది ఒక్కడే, మాట మాత్రం అందరికీ. ఇంగ్లీషు బైబిలు చదివేవాళ్ళకి ఈ తేడా పట్టుకోవడం కష్టం, మనకి కళ్ళెదుటే ఉంది. ఆ 'మీరు'లో ఈ హాల్లో కూర్చున్నవాళ్ళందరూ ఉన్నారు. మూడు తరాల క్రైస్తవ కుటుంబం అని చెప్పుకునేవాళ్ళు కూడా.

'క్రొత్తగా' అన్నచోట గ్రీకులో ఉన్న మాట అనోథెన్. దానికి రెండర్థాలు. ఒకటి 'మళ్ళీ', రెండోది 'పైనుండి'. నీకొదేముకి మొదటిదే వినబడింది. అందుకే, ముసలివాడు తల్లి కడుపులోకి రెండోసారి ఎలా వెళ్తాడని అడిగాడు. ప్రభువు చెప్తున్నది రెండోది కూడా. ఇదే మాట ఇదే అధ్యాయం 31వ వచనంలో ఉంది, అక్కడ మనవాళ్ళు 'పైనుండి' అనే రాశారు. సిలువ దగ్గర సైనికులు చీట్లు వేసుకున్న కుట్టులేని అంగీ గురించి 19వ అధ్యాయంలో ఉంటుంది కదా, పైనుండి నేసినదని, అక్కడా ఇదే మాట. కాబట్టి ఈ పుట్టుక పైనుంచి వచ్చేది. కింది నుంచి ఎక్కేది కాదు.

మీలో ఎవరైనా మీ పుట్టుకకి సాయం చేశారా? నవ్వుతున్నారు. నొప్పులు ఎవరు పడ్డారు? అమ్మ పడింది. మనం పుట్టాం, పుట్టించుకోలేదు. యోహాను 1:13 మూడు దారులు మూసేస్తుంది. రక్తం వల్ల కాదు, అంటే వంశం వల్ల రాదు. శరీరేచ్ఛ వల్ల కాదు. మానుషేచ్ఛ వల్ల కాదు, అంటే పాస్టరు గారు గట్టిగా ప్రార్థించి నెట్టినా రాదు. మరి మనం చేసేదేమీ లేదా? ఉంది. పై వచనం, 12. "తన్ను ఎందరంగీకరించిరో." అంగీకరించడం, ఆయన నామమందు విశ్వాసముంచడం. చెయ్యి చాపినంత మాత్రాన అన్నం మనం వండినట్టా? కాదు కదా. అలాగన్నమాట.

అయిదో వచనంలో నీరు అని ఉంది. ఇక్కడ సంఘాలకి సంఘాలకి తేడాలున్నాయి. లూథరన్లు, కథోలికులు దీన్ని బాప్తిస్మంతో కలిపి చెప్తారు. బాప్టిస్టులు, బ్రదరన్ వాళ్ళు వేరేగా చెప్తారు. ఈ తరగతికి మూడు నాలుగు సంఘాల వాళ్ళు వస్తున్నారు, కొట్టుకోవద్దు. నా మటుకు నేను ఒకటి చూస్తాను. ప్రభువు నీకొదేముని మందలించాడు, నువ్వు బోధకుడివై ఉండి ఇది ఎరగవా అని. అంటే పాత నిబంధనలో ఉన్న సంగతే అయ్యుండాలి కదా? యెహెజ్కేలు 36 తీయండి, 25 నుంచి 27. శుద్ధజలం చల్లుతాను, నూతన హృదయం ఇస్తాను, రాతిగుండె తీసేసి మాంసపు గుండె ఇస్తాను, నా ఆత్మను మీలో ఉంచుతాను. నీరు ముందు, ఆత్మ తర్వాత, రెండూ పక్కపక్కనే. కడగడం ఒకటి, లోపలిది మార్చడం ఒకటి. 27లో చివర చూశారా? నా కట్టడలను అనుసరించేలా చేస్తాను అంటున్నాడు. నీతి జీవితం ఆ వాగ్దానంలో తోక. తోకని తలకాయ చేయబోయామా, మొత్తం తలకిందులే.

తర్వాత గాలి. ఎనిమిదో వచనం. గ్రీకులో గాలికీ ఆత్మకీ ఒకటే మాట, ప్నూమా. గాలి గురించి విశాఖవాళ్ళకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్. ఆ గాలిని చూసినవాళ్ళు చేతులెత్తండి. చాలామంది ఎత్తారు. అబద్ధం! గాలిని ఎవరూ చూడలేదు. శబ్దం విన్నారు. తలుపుకి మంచం అడ్డం పెట్టి, వీపు ఆనించి కూర్చున్నారు. తెల్లారి లేచి చూస్తే వేళ్ళతో సహా పడిపోయిన చెట్లు, వంగిపోయిన హోర్డింగులు. గాలి వచ్చిందా రాలేదా అని ఎవరైనా వాదించారా? ఆత్మ మూలంగా పుట్టినవాడు కూడా అలాగే అంటున్నాడు ప్రభువు. ఎక్కడి నుంచి వచ్చిందో చూపించలేడు. వచ్చి వెళ్ళిన గుర్తు దాచలేడు.

ఇంకో చిన్న మాట చెప్పి ముందుకి వెళ్తాను. తీతు 3:5లో 'పునర్జన్మసంబంధమైన స్నానము' అని ఉంది. పునర్జన్మ అనగానే మన పక్కింటాయనకి చచ్చి మళ్ళీ ఇంకో ఒంట్లో పుట్టడం గుర్తొస్తుంది. అది కాదు. ఇదే ఒంట్లో, ఇదే ఇంట్లో, ఇదే ఆధార్ కార్డుతో, చావకముందే జరిగే సంగతి ఇది. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆ మాట వాడితే వెంటనే విడమరిచి చెప్పండి, లేకపోతే ఆయన ఒకటి అనుకుంటాడు, మీరొకటి అనుకుంటారు.

సరే, ఇక్కడ జనం ఎక్కడ తప్పుతారో చూద్దాం.

మొదటిది, పుట్టుక బదులు మరమ్మతు. మన ఊళ్ళో కిటికీ గ్రిల్లు సంగతి అందరికీ తెలుసు. సముద్రపు గాలికి ఏడాది తిరిగేసరికి తుప్పు. పద్ధతిగా చేసే పెయింటరు ముందు వైరు బ్రష్షుతో గీకుతాడు, ఎమరీ పేపరు పడతాడు, రెడ్ ఆక్సైడ్ కొడతాడు, అది ఆరాక ఎనామిల్ రెండు కోట్లు. బద్ధకించినవాడు తుప్పు మీదే ఎనామిల్ కొట్టేస్తాడు. క్రిస్మస్‌కి మెరుస్తుంది. వానాకాలం వచ్చేసరికి పొక్కులు లేస్తాయి. గోరుతో గిల్లి చూడండి, పొర ఊడొచ్చి కింద గోధుమరంగు పొడి రాలుతుంది. ఎందుకు? తేమ, ఉప్పు ఆ రంగు కింద ఇరుక్కుని వాటి పని అవి చేసుకుంటూనే ఉన్నాయి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో చేసే తీర్మానాలు చాలామటుకు ఈ ఎనామిలే. ఇకమీదట కోప్పడను, ఇకమీదట తాగను. ఎన్నాళ్ళు? సంక్రాంతి దాకా. ఈ పోలిక ఒకచోట తెగిపోతుంది, అదీ చెప్పాలి. గ్రిల్లుని గీకితే కింద మంచి ఇనుము దొరుకుతుంది. మన విషయంలో గీకినకొద్దీ తుప్పే. అందుకే ప్రభువు నీకొదేముని గీకలేదు, మళ్ళీ పుట్టమన్నాడు.

రెండోది, తేదీ పిచ్చి. "మీరు రక్షణ పొందిన తేదీ ఏంటి బ్రదర్?" అని అడుగుతారు. తేదీ గుర్తున్నవాళ్ళు సంతోషించండి, తప్పు లేదు. గుర్తులేనివాళ్ళు కుమిలిపోతుంటారు, ముఖ్యంగా చిన్నప్పటి నుంచి మందిరంలో పెరిగినవాళ్ళు. వాళ్ళు మీటింగు మీటింగుకీ చెయ్యెత్తుతారు. బిడ్డ పుడితే 21 రోజుల్లో మున్సిపాలిటీలో నమోదు చేయించాలి, కదా? నమోదు చేయిస్తే బిడ్డ పుట్టాడా, పుట్టాడు కాబట్టి నమోదు చేయించారా? బాప్తిస్మం విషయం కూడా నా దృష్టిలో అలాంటిదే. ప్రభువు ఆజ్ఞ అది, మానడానికి వీల్లేదు. కానీ పుట్టని బిడ్డకి సర్టిఫికెట్ తెచ్చి ఫ్రేము కట్టి గోడకి తగిలిస్తే ఏం లాభం?

ఇక్కడ రిటైరైన పెద్దలు చాలామంది ఉన్నారు, రైల్వేలో, డాక్‌యార్డులో చేసినవారు. నవంబరు వస్తే మీరేం ఇస్తారు బాబూ? లైఫ్ సర్టిఫికెట్. నేను 1950లో పుట్టాను, ఇదిగో నా జనన ధ్రువపత్రం అని చూపిస్తే పింఛను వేస్తారా? వెయ్యరు. ఎప్పుడు పుట్టావో వాళ్ళకి అనవసరం, ఇప్పుడు బతికున్నావా? వేలు పెట్టు, ముఖం చూపించు. యోహాను రాసిన మొదటి పత్రిక ఉంది చూశారూ, అది మనకి లైఫ్ సర్టిఫికెట్. ఆ పత్రికలో ఎక్కడా తేదీ అడగడు. ఇప్పుడు నీతిని జరిగిస్తున్నావా, ఇప్పుడు సహోదరుణ్ణి ప్రేమిస్తున్నావా, ఇప్పుడు యేసే క్రీస్తు అని నమ్ముతున్నావా. ఏటా కాదు, రోజూ అడుగుతాడు.

1 యోహాను 2:29 చదువుదాం. "నీతిని జరిగించు ప్రతివాడును ఆయన మూలముగా పుట్టియున్నాడని యెరుగుదురు." జరిగించు, పుట్టియున్నాడు. తెలుగులోనే చూసుకోండి, ఏది ముందు జరిగింది? పుట్టియున్నాడు, అది అయిపోయింది. జరిగించడం ఇప్పుడు నడుస్తోంది. నీతిగా ఉంటే పుడతాడు అనలేదు. మాట వరస మార్చారా, సువార్త పోయి మేస్త్రి కూలీ మిగులుతుంది. ఇంత పనికి ఇంత పరలోకం.

ఇప్పుడు అందరూ భయపడే వచనం. 3:9. "దేవుని మూలముగా పుట్టిన ప్రతివానిలో ఆయన బీజము నిలుచును గనుక వాడు పాపముచేయడు." అమ్మో! పొద్దున్నే పనిమనిషి మీద అరిచి వచ్చాం, మరి మనం పుట్టలేదా? ఆగండి. ఇదే యోహాను ఇదే పత్రికలో 1:8లో ఏమన్నాడు? పాపం లేనివారమని చెప్పుకుంటే మనల్ని మనమే మోసపుచ్చుకుంటాం అన్నాడు. రెండు పేజీల తేడాలో మాట మార్చాడా? మార్చలేదు. గ్రీకులో ఆ క్రియ జరుగుతూ ఉండే పనిని, అలవాటుని చెప్తుంది. మన తెలుగులో కూడా ఉందండీ అది. "మా మావయ్య చుట్ట తాగడు" అంటాం. అంటే ఏటి? ఆయన వాడుక అది కాదు అని. అదే వచనం చివర "పాపము చేయజాలడు" అన్నది ఇంకొంచెం లోతు. అన్నం తింటుంటే పంటి కింద రాయి తగిలిందనుకోండి. ముద్ద నోట్లోకి వెళ్ళింది నిజమే, మింగలేం. నోరు ఒప్పుకోదు. దేవుని బీజం ఉన్నవాడి నోట్లోకి పాపం రావచ్చు, వస్తుంది. మింగి, త్రేన్చి, ఇంకో ముద్ద పెట్టమనలేడు. అలా అనగలుగుతున్నవాడు, ఏళ్ళ తరబడి హాయిగా అనగలుగుతున్నవాడు, తేదీ ఎంత బాగా గుర్తున్నా మళ్ళీ యోహాను మూడుకి వెళ్ళాలి.

ఇక జక్కయ్య. లూకా 19:8. ఆయన సుంకరుల పెద్ద, అంటే పన్నులు వసూలు చేసేవాళ్ళకి పెద్ద, ఊరు యెరికో. నిలబడి ఏమన్నాడు? నా ఆస్తిలో సగం బీదలకి ఇస్తున్నాను. అన్యాయంగా తీసుకున్నదేమైనా ఉంటే నాలుగంతలు చెల్లిస్తాను. నాలుగే ఎందుకు? గాలిలోంచి తీసిన అంకె కాదు. ధర్మశాస్త్రంలో రకరకాల రేట్లున్నాయి, రెండు చూద్దాం. తనంతట తాను ఒప్పుకున్నవాడికి లేవీయకాండం 6, సంఖ్యాకాండం 5: అసలు, దానిమీద అయిదో వంతు. పదివేలు తీసుకుంటే పన్నెండు వేలు. గొర్రెను దొంగిలించి కోసుకు తిన్నవాడికి, అమ్మేసినవాడికి నిర్గమకాండం 22:1: ఒక గొర్రెకి నాలుగు గొర్రెలు. జక్కయ్య తనంతట తానే ఒప్పుకుంటున్నాడు, తక్కువ రేటు అడగొచ్చు. అడగలేదు. దొంగ రేటు వేసుకున్నాడు తనకి. నేను చేసింది కమీషను కాదు, దొంగతనం అని పేరు పెట్టాడు.

ఇంకా లెక్క చూడండి. ఆస్తి వంద అనుకోండి. యాభై బీదలకి పోయింది. మిగతా యాభైలోంచి నాలుగంతలు కట్టాలి. యాభైని నాలుగుతో భాగించండి, పన్నెండున్నర. అన్యాయంగా తెచ్చింది వందలో పన్నెండున్నర దాటితే జక్కయ్య చేతిలో రూపాయి మిగలదు. సుంకరి కదా, అంకెలు ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. తెలిసే అన్నాడు. ఒకటి మాత్రం మర్చిపోవద్దు, ఆయన ఇవన్నీ ఇచ్చాక ప్రభువు ఇంటికి రాలేదు. "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అన్నది ముందు. సంతోషంతో చేర్చుకున్నది ముందు. లెక్క తర్వాత.

మరి మనం చెయ్యాలంటే ఎలా? చాలామందికి ఇక్కడే కాళ్ళు ఆడవు, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. రాసుకునేవాళ్ళు రాసుకోండి.

ఒక కాగితం తీసుకోండి. ఫోనులో వద్దు, కాగితమే. గీతలు గీసి, ఎవరికి, ఏమిటి, ఎంత, ఎప్పుడు అని రాయండి. "ప్రభువా నా పాపాలన్నీ క్షమించు" అని గంపగుత్తగా ఒప్పుకోవడం తేలిక. సంఖ్యాకాండం 5:7లో వాళ్ళు తాము చేసిన పాపాన్ని ఒప్పుకోవాలి అని ఉంది, ఫలానాది అని. చీటీ పాట ఎత్తేసి చివరి వాయిదాలు ఎగ్గొట్టింది. అన్నదమ్ముల పంపకాల్లో అక్కకి తెలీకుండా సంతకం పెట్టించుకున్నది. కరెంటు మీటరు దగ్గర చేసిన చేతివాటం. జబ్బు లేకుండా పెట్టిన మెడికల్ లీవు. మార్కెట్లో త్రాసు దగ్గర కూర్చునేవాళ్ళకి, తడి గోనె తూకంలో కలిపినది, ఐసు చేప తూకంలో కలిపినది. సామెతలు 11:1 వినే ఉంటారు, "దొంగత్రాసు యెహోవాకు హేయము." హేయము అన్న మాట విగ్రహారాధన గురించి చెప్పేటప్పుడు కూడా వాడతారు బైబిల్లో. అంత పెద్ద మాట కిలోకి యాభై గ్రాముల దగ్గర వాడాడు దేవుడు.

కట్నం ఏ గడిలో రాయాలి? అలా తలలు దించుకుంటే ఎలాగండీ! 1961 నుంచి అది చట్టప్రకారం నేరం. మనవాళ్ళు దాన్ని ప్రేమకానుక అంటారు, అమ్మాయికి మీరు ఇష్టపడి పెట్టుకునేది అంటారు, ఆ తర్వాత పెళ్ళి పత్రిక మీద వాక్యం వేయిస్తారు. అడిగి తీసుకున్నవాళ్ళు ఆ కాగితం మీద మావగారి పేరు రాయండి.

రెండో పని, ఆ పేర్లని వేరు చెయ్యండి. డబ్బు బాకీలు ఒక పక్క, మాట బాకీలు ఒక పక్క. డబ్బు బాకీకి అసలు, వీలైతే ఆ అయిదో వంతు. మనం ధర్మశాస్త్రం కింద లేము కదా అంటారేమో, లేము, నిజమే. కానీ ఇరవై శాతం ఎక్కువైందని కృప గుర్తొచ్చిందంటే మాత్రం అనుమానించండి. ఒకేసారి ఇవ్వలేకపోతే నెలకి ఇంత అని చెప్పి ఇవ్వండి, చెప్పిన తేదీ తప్పొద్దు. మనిషి చనిపోతే వారసులకి. వారసులే లేకపోతే సంఖ్యాకాండం 5:8లో దారి ఉంది, అది యెహోవాకి చెందుతుంది అని. బీదలకి ఇచ్చేయండి, మీ దగ్గర మాత్రం ఉంచుకోవద్దు.

మాట బాకీకి వెళ్ళి క్షమాపణ అడగాలి. మత్తయి 5:24, అర్పణ బలిపీఠం ఎదుట వదిలేసి ముందు వెళ్ళమన్నాడు. ఇక్కడ ఏం చెడుతుందో చెప్తాను. "నేను అన్నది తప్పే అక్కా, కానీ నువ్వు కూడా..." ఆ 'కానీ' దగ్గరే మొత్తం చెడుతుంది. ఆవిడ తప్పు ఆవిడ కాగితం మీద ఉంటుంది, మీ కాగితం మీద కాదు. నేను ఫలానా మాట అన్నాను, అది తప్పు, నన్ను క్షమించు. మూడు ముక్కలు. అన్నాక నోరు మూసుకుని నిలబడాలి. ఆవిడ తిట్టొచ్చు, తిట్టనివ్వండి. పదిమందిలో అన్నమాటైతే పదిమందిలో ఒప్పుకోవాలి. వాట్సాప్ గ్రూపులో అని, చెవిలో సారీ చెప్తే సరిపోదు.

జాగ్రత్తలు రెండు. కొన్ని పాపాలు ఒప్పుకుంటే మూడో మనిషి బతుకు బజార్న పడుతుంది. అలాంటివి మీ గుండె బరువు దించుకోవడానికి అందరి ముందూ కక్కొద్దు. నోరు కట్టేసుకోగల పెద్దమనిషితో ముందు మాట్లాడండి. రెండోది, ఎవరికైనా, ముఖ్యంగా పిల్లలకి హాని జరిగిన నేరం అయితే, సంఘంలో కూర్చుని ప్రార్థన చేసి సర్దేయడం నీతి కాదు. క్షమాపణ వేరు, పోలీసు స్టేషను వేరు. మొదటిది ఉందని రెండోదాన్ని మూసేయకూడదు.

మూడో పని, ఇకమీదటిది. ఎఫెసీ 4:28. దొంగ ఏం చెయ్యాలి? ఇకమీదట దొంగిలకూడదు. అంతేనా? తన చేతులతో మంచి పని చెయ్యాలి. అంతేనా? అక్కరలో ఉన్నవాడికి పంచాలి. దొంగ దొంగతనం మానేస్తే మానేసిన దొంగ అవుతాడు, ఇచ్చేవాడైతేనే పౌలు ఊరుకుంటాడు. 25 నుంచి 32 దాకా చదవండి. అబద్ధం మాని సత్యం, దుర్భాష మాని కట్టే మాట, ద్వేషం మాని క్షమాపణ. ఒక్కటి కూడా 'మాను' దగ్గర ఆగలేదు. మన సాక్ష్యాలేమో చాలామటుకు అక్కడే ఆగుతాయి, సిగరెట్లు మానేశాను, సినిమాలు మానేశాను. మంచిది. మీ దగ్గర పనిచేసే మేస్త్రికి శనివారం కూలీ శనివారమే అందుతోందా? లేవీయకాండం 19:13, కూలివాడి కూలీ మర్నాటి దాకా మీ దగ్గర ఉండకూడదు. ఒక్క రాత్రి. దేవుని పిల్లల గడియారం అది.

కొత్తగా నమ్మినవాళ్ళు ఇక్కడ నలుగురైదుగురున్నారు. మీకో మాట. బిడ్డ పుట్టాక మొదటి కొద్దిరోజుల్లో బరువు తగ్గుతాడు, పుట్టినప్పటి బరువులో ఏడు నుంచి పది శాతం దాకా తగ్గొచ్చు. మూడు కిలోల బిడ్డ మూడొందల గ్రాముల దాకా. కొత్త తల్లి కంగారు పడుతుంది, నర్సమ్మ కంగారు పడదు. పాలు సరిగ్గా పడితే రెండు వారాలకల్లా ఆ బరువు తిరిగొస్తుంది. మొదటి సంతోషం తగ్గినట్టు మీకనిపిస్తే పుట్టలేదేమో అనుకోకండి, పాలు అందుతున్నాయా అని చూసుకోండి. పేతురు 'వాక్యమను పాల'ను కోరుకోమన్నాడు. ఆ పసిబిడ్డ రోజుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు తాగుతాడు. మనమేమో ఆదివారం ఒకసారి తాగి శనివారానికి నీరసం వచ్చిందంటాం.

ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ నెల 1 యోహాను పట్టుకోండి. అయిదు అధ్యాయాలు, 105 వచనాలు. రోజుకో అధ్యాయం, అయిదు రోజులకి ఒక చుట్టు, నెలకి ఆరు చుట్లు. మొదటి చుట్టులో అర్థంకానిది నాలుగో చుట్టులో దానంతటది విడుతుంది. పడిపోయిన రోజున 1:9 దగ్గర ఆగండి, ఒప్పుకుంటే క్షమించడానికి ఆయన నమ్మదగినవాడు. కొడుకు తండ్రి మాట కాదని ఇంట్లోంచి వెళ్ళిపోతే పలకరింపు తెగుతుంది, భోజనం తెగుతుంది. ఇంటిపేరు తెగదు. ఇంటిపేరు ఉంది కదా అని బయటే ఉండిపోయేవాడికి ఇంటి భోజనం రుచి ఎప్పుడైనా తెలిసిందా అని నా అనుమానం, అంతకంటే చెప్పను.

ఇంతకీ నీకొదేము ఏమయ్యాడు? మూడో అధ్యాయంలో ఆ సంభాషణ మధ్యలో ఆయన మాట ఆగిపోతుంది. నమ్మాను అన్నాడా? రాయలేదు. ఏడో అధ్యాయంలో కనబడతాడు, పరిసయ్యుల సభలో, ఒక మనిషి మాట వినకుండా తీర్పు తీర్చొచ్చా అని ఒక్క ప్రశ్న వేస్తాడు, నువ్వు కూడా గలిలయుడివా అని వాళ్ళు నోరు మూయించేస్తారు. మళ్ళీ పంతొమ్మిదో అధ్యాయం, 39. శిష్యులు పారిపోయారు. ఈయన బోళము, అగరు కలిపి తెచ్చాడు, మన తెలుగు బైబిలులో నూట యేబది సేర్లు అని ఉంటుంది, గ్రీకు లెక్క ప్రకారం వంద రాత్తళ్ళు, మన తూకంలో ముప్పై మూడు కిలోల దగ్గర. చీకట్లో కొంగుచాటున తెచ్చేది కాదు అది. ముప్పై మూడు కిలోలంటే బియ్యం బస్తా మోసినవాళ్ళకి తెలుసు. మొదట రాత్రివేళ వచ్చినవాడు అని యోహాను అక్కడ మళ్ళీ గుర్తుచేస్తాడు. ఆయన ఏ రోజున కొత్తగా జన్మించాడో మాత్రం రాయలేదు. ఎంత బరువు మోశాడో రాశాడు.

ప్రార్థన చేసుకుందాం. కాగితం గురించి మాట్లాడాలనుకునేవాళ్ళు అయిపోయాక ఆగండి, ఆడవాళ్ళతో అమ్మగారు కూర్చుంటారు. గాజువాక వెళ్ళేవాళ్ళకి బస్సు టైమైంది, మీరు మధ్యలో లేచినా ఎవరూ ఏమీ అనుకోరు.